జెర్సీ పట్టి లాగినందుకు

నలభై నాలుగేళ్ల వయసులో, భర్తా కూతురూ చూస్తుండగా, పట్టపగలు ఒక నర్సుని జెర్సీ పట్టి వెనక్కి లాగి కింద పడేశాను. పొరపాటున జరిగిందని చెప్పుకునే వీలు కూడా లేదు. లాగితే ఏమవుతుందో, లాగకపోతే ఏమవుతుందో రెండూ ఆలోచించుకునే లాగాను. అందుకు మా టీమ్ వాళ్లు నన్ను భుజాల మీదకి ఎత్తుకున్నంత పని చేశారు.

మేముండేది మిషిగన్‌లోని నోవైలో. మా అమ్మాయికి పదకొండేళ్లున్నప్పుడు, మా వీధి చివర ఉండే ఐర్లండ్ పెద్దాయన ఎండాకాలం సెలవుల్లో పిల్లలకి గేలిక్ ఫుట్‌బాల్ నేర్పుతున్నారని తెలిసింది. ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. మా అమ్మాయి ఒక్క రోజు చూసొచ్చి చేరతానంది. సాకర్ చాలదా, ఇదేం ఆట అని మా ఆయన అడిగితే పెద్దాయన పార్కింగ్ లాట్‌లోనే నిలబడి రెండు నిమిషాల్లో చెప్పేశారు. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నచ్చు. నాలుగడుగులు దాటితే మాత్రం నేలకి కొట్టాలి, లేదా తన కాలి మీదే వేసుకుని మళ్లీ చేతిలోకి తన్నుకోవాలి. గోల్‌పోస్ట్ ఇంగ్లీష్ హెచ్ అక్షరంలా ఉంటుంది. అడ్డకర్ర మీద నుంచి పోతే ఒక పాయింట్, కింద నుంచి వలలోకి పోతే గోల్, అంటే మూడు పాయింట్లు.

పిల్లలు ఆడుతుంటే మేం తల్లులం మడత కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకునేవాళ్లం. రెండో ఏడు ఒక సాయంత్రం పెద్దాయన మా ముందుకొచ్చి నిలబడ్డారు. "రెండు గంటలు ఊరికే కూర్చోడానికి మీకు విసుగ్గా లేదా? పక్క గ్రౌండ్ ఖాళీగానే ఉంది," అన్నారు. ఆయన అన్నీ ఇంగ్లీష్‌లోనే అంటారు, నేను తెలుగులో రాస్తున్నాను. అలా మొదలైంది మా అమ్మల టీమ్. తొమ్మిది మంది ఆడాలి, పదకొండు మందిమి దొరికాం. అందులో తెలుగువాళ్లం ఇద్దరమే. రెండో ఆవిడ వరంగల్ అమ్మాయి, పళ్ల డాక్టరు. నాకంటే ఆరేళ్లు చిన్నది, మా అందరికంటే వేగంగా పరిగెత్తేది. నన్ను అక్కా అనేది.

నేను ఒంగోలు దగ్గర హైస్కూల్లో కబడ్డీ ఆడాను. కార్నర్‌లో నిలబడి, కూతకొచ్చిన అమ్మాయి వెనక్కి తిరిగే క్షణంలో చీలమండ పట్టెయ్యడం నా పని. జిల్లా పోటీల దాకా వెళ్లాం. ఆ తర్వాత పాతికేళ్లు ఏ ఆటా ఆడలేదు. గ్రౌండ్‌లోకి దిగేసరికి కాళ్లు మర్చిపోయాయి గానీ చేతులు మర్చిపోలేదు. ఎవరైనా నన్ను దాటి వెళ్తుంటే చాలు, నడుమో భుజమో పట్టేసుకునేదాన్ని. ఈ ఆటలో మనిషిని పట్టుకోకూడదు. అరచేత్తో బంతిని కొట్టి విడిపించుకోవాలి, అంతే.

"చేతులు! చేతులు!" అని పెద్దాయన అరిచేవారు. చివరికి నా రెండు చేతుల్లో చెరో టెన్నిస్ బంతి పెట్టి నెల రోజులు డిఫెన్స్ ఆడించారు. బంతులు కింద పడితే గ్రౌండ్ చుట్టూ ఒక రౌండ్. నేను ఆ నెలలో నాలుగు పౌండ్లు తగ్గాను.

ఆ తర్వాతి ఏడు జూలైలో మా దగ్గరే అమ్మల టోర్నమెంట్ ఒకటి జరిగింది. నాలుగు టీములు, ఒకటే రోజు. ఫైనల్లో మేమూ ఒహాయో నుంచి వచ్చినవాళ్లూ. వాళ్ల ముందు వరసలో ఆడే ఆవిడ ఆరడుగుల మనిషి, హాస్పిటల్లో నర్సు. ఆ రోజు పొద్దున్నుంచీ ఆవిడకి కాపలా కాయడమే నా పని. నిజంగానే బాగా కాశాను. టెన్నిస్ బంతుల పుణ్యమా అని ఒక్క ఫౌల్ కూడా చెయ్యలేదు.

ఇంక నిమిషం కూడా లేదు. మేం రెండు పాయింట్లు ముందున్నాం. మా వాళ్లెవరో తప్పుగా విసిరిన బంతి సరిగ్గా ఆవిడ చేతుల్లో పడింది. నేను ఒకడుగు వెనకబడ్డాను. ఆవిడ ముందు మా గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. గోల్ పడితే మూడు పాయింట్లు, మేం ఓడిపోతాం. ఫౌల్ చేస్తే ఫ్రీ కిక్ ఇస్తారు. ఈలోగా మా ఎనిమిది మందీ వచ్చి గోల్ ముందు గోడలా నిలబడచ్చు. మా అమ్మల ఆటలో కార్డుల్లేవు, బయటికి పంపడం లేదు. ఇవన్నీ రెండడుగుల దూరం పరిగెత్తే లోపల నా తలలో తిరిగాయి. ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆఫీస్‌లో చిన్న డిజైన్ మార్పు మీద నిర్ణయానికి నాకు మూడు మీటింగులు కావాలి.

చెయ్యి చాపి వీపు మీద జెర్సీ గుప్పిట్లోకి పట్టి లాగాను. ఇద్దరం పడ్డాం.

విజిల్. ఫ్రీ కిక్. మా వాళ్లందరూ గోడ కట్టారు. ఆవిడ ఎంత బలంగా తన్నినా బంతి ఎవరి చేతికో తగిలి అడ్డకర్ర మీదుగా పోయింది. ఒక్క పాయింట్. వెంటనే చివరి విజిల్. ఒక్క పాయింట్ తేడాతో మేం గెలిచాం.

పళ్ల డాక్టరు పరుగెత్తుకొచ్చి నన్ను చుట్టేసుకుంది. "ఏం పట్టినవ్ అక్కా! ఆమె పోయుంటే అయిపోయేది మన పని. కప్పు నీదే పో!"

నర్సు మోచేతికి గడ్డీ మట్టీ అంటుకుని కొంచెం రక్తం కూడా వస్తోంది. నేను వెళ్లి సారీ చెప్పాను. ఆవిడ నా చెయ్యి ఊపుతూ, "నీ చోట నేనున్నా అదే చేసేదాన్ని," అని నవ్వింది. నాకు మనసు తేలికపడింది. పార్కింగ్ దాకా ఆ తేలికతోనే నడిచాను.

కార్లో మా ఆయన డ్రైవ్ చేస్తున్నాడు. వెనక సీట్లో మా అమ్మాయి కిటికీలోంచి చూస్తోంది. అప్పటికి దానికి పదమూడు. కప్పు నా ఒళ్లో ఉంది, అరచేతంత ప్లాస్టిక్‌ది.

"ఏంటమ్మా, అమ్మ గెలిస్తే ఒక్క మాట కూడా లేదు?" అన్నాను.

"నువ్వు కావాలని చేసావ్ కదా అమ్మా."

"ఏది?"

"షీ వజ్ గోయింగ్ టు స్కోర్. నీకు తెలుసు. అందుకే పుల్ చేసావ్. దాన్ని సినికల్ ఫౌల్ అంటారు."

"ఫౌల్ ఇచ్చారు కదరా. ఫ్రీ కిక్ కూడా ఇచ్చారు."

"యా, బట్ ఇట్ వజ్ వర్త్ ఇట్. అదే కదా ప్రాబ్లమ్."

మా ఆయన అద్దంలోంచి దాన్ని చూశాడు. "సినికల్ అంటే తెలుగులో ఏమంటారే?" అని నన్నడిగాడు. ఆ సమయంలో అడగాల్సిన ప్రశ్నే. "తెలిసి తెలిసి చెయ్యడం," అన్నాను. నోట్లోంచి వచ్చాక ఆ మాట బరువు నాకే తెలిసింది.

ఇంటికొచ్చి అన్నాలు తింటుంటే మళ్లీ అదే గొడవ. మా ఆయన నా లాయరు. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్‌కి అందకుండా దూరంగా వేస్తే వైడ్ ఇస్తారు, ఒక పరుగు ఇచ్చేస్తారు, బౌలర్ని దొంగ అనరు కదా అన్నాడు. మా అమ్మాయి కంచం పక్కకి జరిపి, తన మ్యాచుల్లో రూలేంటో వివరించింది. గోల్ పడబోతుంటే కావాలని మనిషిని లాగితే పది నిమిషాలు బయట కూర్చోవాలి, టీమ్ ఒకరు తక్కువగా ఆడాలి. పైగా అవతలి వాళ్లకి పెనాల్టీ. పదమూడేళ్ల పిల్లలకి ఉన్న శిక్ష నలభై ఏళ్ల తల్లులకి ఎందుకు లేదని అడిగింది.

"మాకు మోకాళ్ల నొప్పులున్నాయి కదే, అవే శిక్ష," అన్నాను. నవ్వించబోయాను. అది నవ్వలేదు.

మర్నాడు పొద్దున్న వాకింగ్‌లో పెద్దాయన కనిపించారు. ఉండబట్టలేక అడిగేశాను, నేను చేసింది తప్పేనా అని. ఆయన నడుస్తూనే చెప్పారు. "మా చిన్నప్పుడు మా ఊళ్లో అలా లాగినవాడి వీపు తట్టేవాళ్లు. లాగబడినవాడికి పక్కటెముకల నొప్పి మిగిలేది. అది మార్చడానికి చాలా ఏళ్లు పట్టింది. మొదట ఉత్త హెచ్చరిక, తర్వాత కార్డు, ఆ తర్వాత పది నిమిషాలు, పెనాల్టీ. మార్చిన ప్రతిసారీ ఆట చచ్చిపోయిందని ఎవరో ఒకరు ఏడ్చారు. ఆట బాగానే ఉంది." తర్వాత, "మన అమ్మల రూల్స్ రాసింది నేనే. అంతా స్నేహితులే కదా, కార్డులెందుకు అనుకున్నాను. తప్పులో సగం నాది. వచ్చే ఆదివారం నాలుగు టీముల వాళ్లం వీడియో కాల్‌లో మాట్లాడుకుందాం. రూల్ ఎలా ఉండాలో నువ్వు చెప్పు," అన్నారు.

"నేనా? నేరం చేసినదాన్ని నేనే కదా."

"అందుకే. లోపల ఏం జరుగుతుందో నీకే తెలుసు."

ఆ వారం ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ అదే ఆలోచించాను. నర్సు అన్న మాట ముందు హాయిగా అనిపించింది గానీ, రోజులు గడిచేకొద్దీ వేరేగా వినిపించింది. ఆవిడా అదే చేసేది, మా డాక్టరూ అదే చేసేది. అంటే అందరం మంచివాళ్లమే, అందరం లాగేవాళ్లమే. అలాంటప్పుడు మా మంచితనం మీద వదిలేస్తే లాభం లేదు, రూలే మారాలి.

ఆదివారం కాల్‌లో దాదాపు పదిహేను మందిమి. ఒక టీమ్ నుంచి వచ్చిన స్కూల్ టీచరు చాలా కోపంగా ఉంది. అలా లాగినవాళ్లని ఆ మ్యాచ్‌లోంచీ, తర్వాతి మ్యాచ్‌లోంచీ తీసెయ్యాలంది. మా గోల్‌కీపర్, ముగ్గురు పిల్లల తల్లి, అసలు కార్డులే వద్దంది. "ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచీ అందరికీ నేనే శిక్షలు వెయ్యాలి. ఇక్కడన్నా నన్ను వదిలెయ్యండి," అంటే అందరూ మైకులు మ్యూట్‌లో పెట్టుకునే నవ్వుకున్నారు.

నా వంతొచ్చింది. కాగితం మీద రాసుకున్నాను గానీ చూడలేదు. "నేను ఆ రోజు ఆవిడ దగ్గర్నుంచి తీసుకున్నది ఒకటే," అన్నాను. "గోల్‌కీపర్ ముందు ఒంటరిగా ఒక్క తన్ను. నన్ను తర్వాతి మ్యాచ్‌లో ఆడనివ్వకపోతే ఎవరికి లాభం? మాతో తర్వాత ఆడే టీమ్‌కి. ఒహాయో వాళ్లకి ఏమీ రాదు. పది నిమిషాలు బయట కూర్చోబెట్టినా, ఆఖరి నిమిషంలో చేసినదానికి పది నిమిషాలెక్కడివి? అందుకని రెండూ ఉండాలి. పది నిమిషాలూ, పెనాల్టీ. ఆ పెనాల్టీ కూడా ఎవర్ని లాగారో వాళ్లే తన్నాలి. అవకాశం వాళ్లది కాబట్టి."

పెద్దాయన గట్టిగా నవ్వారు. "ఆఖరిది మా దేశంలో కూడా లేదు. అక్కడ బాగా తన్నేవాళ్లు ఎవరైనా తన్నచ్చు."

మా మ్యాచులకి రెఫరీగా వచ్చే అమ్మాయి చెయ్యెత్తింది. "కావాలని చేశారో, కంగారులో తగిలిందో నాకెలా తెలుస్తుంది? మనసులోకి చూడలేను కదా."

దీనికి మాత్రం నా దగ్గర జవాబుంది. "కళ్లు చూడండి. బంతి కోసం చెయ్యి వేసేవాళ్లు బంతిని చూస్తారు. నేను ఆ రోజు బంతి ఎక్కడుందో కూడా చూడలేదు. ఆవిడ వీపు మీద నంబరు చూశాను. పద్నాలుగు."

స్క్రీన్ మీద ఒక మూల నర్సు, హాస్పిటల్ బట్టల్లోనే, బొటనవేలు పైకెత్తింది. రూల్ పాసయింది. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి అంతా విందని నాకు కాల్ అయ్యాక తెలిసింది. "గుడ్ జాబ్ అమ్మా," అని ఫ్రిజ్‌లోంచి పెరుగు తీసుకుని వెళ్లిపోయింది. వారం రోజుల తర్వాత అది నాతో మామూలుగా మాట్లాడిన మొదటి మాట.

సెప్టెంబర్‌లో మేం ఒహాయో వెళ్లాం. రెండున్నర గంటల డ్రైవ్. డాక్టరు ఇంటి నుంచి చింతపండు పులిహోర డబ్బా తెచ్చింది, మ్యాచ్ అయ్యేదాకా మూత తియ్యద్దని అందరినీ బెదిరించింది. గ్రౌండ్ పక్కన చెట్లు అప్పుడప్పుడే ఎర్రబడుతున్నాయి. మళ్లీ అదే నర్సు, మళ్లీ నేనే కాపలా. ఆట మొదలయ్యే ముందు ఆవిడ మోచెయ్యి చూపించి, మచ్చ కూడా లేదంది.

ఇంకా ఆరు నిమిషాలుందనగా మేం రెండు పాయింట్లు వెనకున్నాం. వాళ్లు అడ్డంగా విసిరిన బంతి ఒకటి నా ముందుకొచ్చింది, పట్టుకున్నాను. పాస్ చేద్దామని చూస్తే మా వాళ్లెవరూ అందుబాటులో లేరు. ముందు మాత్రం ఖాళీ. వాళ్లంతా మా గోల్ వైపు వచ్చేసి ఉన్నారు.

"ఉరుకు అక్కా! ఉరుకు!" డాక్టరు గొంతు.

పరిగెత్తాను. నాలుగడుగులు, ఒకసారి నేలకి. మళ్లీ నాలుగడుగులు, కాలి మీద వేసుకోవాలి. నాకది ఎప్పుడూ సరిగ్గా రాదు. ఆ రోజు వచ్చింది. కీపర్ ముఖం కనబడేంత దగ్గరికి వెళ్లాను. అప్పుడు వెనక నుంచి మెడ దగ్గర జెర్సీ బిగుసుకుంది. ఆ తర్వాత ఆకాశం కనిపించింది.

లేచేసరికి నర్సు రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడి ఉంది. "అయ్యో దేవుడా, చేసేశాను," అంటోంది. రెఫరీ ఆమె వైపు, పది నిమిషాలు బయటికి పంపే నల్ల కార్డు ఎత్తింది. ఆవిడ ఒక్క మాట వాదించలేదు. నడుచుకుంటూ బయటికి వెళ్లి, మా అమ్మాయి పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

రెఫరీ బంతి తెచ్చి గోల్ ముందు పదకొండు మీటర్ల దూరంలో పెట్టి, నా వైపు చూసింది.

అప్పుడు వెలిగింది నాకు. తన్నాల్సింది నేనే. నేనే పెట్టించిన రూల్. మా టీమ్‌లో అందరికంటే అధ్వాన్నంగా తన్నేది నేనే. ఆడిన అన్నాళ్లలో ఒక్క గోల్ కొట్టలేదు, ప్రాక్టీస్‌లో కూడా. డాక్టరు పక్కనే నిలబడి చేతులు పిసుక్కుంటోంది. తను తన్నితే కళ్లు మూసుకుని గోల్. గోల్ పడితే మేం ఒక పాయింట్ ముందుంటాం.

"అక్కా, కిందికి కొట్టు. వేళ్లతోటి కాదు, పాదం పక్కతోటి," అంది మెల్లగా.

వెనక్కి ఐదడుగులు వేశాను. ఊపిరి పీల్చుకున్నాను. పరిగెత్తి, ఉన్న బలమంతా పెట్టి, వేళ్లతోనే కొట్టాను. బంతి అందంగా లేచింది. కీపర్ తల మీదుగా, అడ్డకర్ర మీదుగా, రెండు కర్రల మధ్యలోంచి పోయింది. గోల్ పక్కన నిలబడ్డ మనిషి జెండా ఎత్తాడు. నేను రెండు చేతులూ పైకెత్తి గెంతాను. రెండో గెంతులో ఉండగా అది తెల్ల జెండా అని కనబడింది. తెలుపంటే ఒక్క పాయింటే. గోల్ అయితే ఆకుపచ్చ ఎత్తుతారు.

బయట మా అమ్మాయీ నర్సూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. మా ఆయన ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు, తనూ గెంతడం వల్ల ఆ వీడియోలో ఎక్కువభాగం గడ్డే ఉంది.

మిగతా ఆరు నిమిషాలూ వాళ్లు ఎనిమిది మందే. వాళ్లని గుక్క తిప్పుకోనివ్వలేదు మేం. డాక్టరు ఒకటి కర్రకి కొట్టింది, ఇంకొకటి వెంట్రుకవాసిలో పక్కకి పోయింది. ఒక్క పాయింట్ తేడాతో ఓడిపోయాం.

పులిహోర తింటున్నప్పుడు డాక్టరు లెక్క తేల్చింది. "అక్కా, జూలైల నువ్వు గుంజినవ్, మనం ఒక పాయింటుతోటి గెలిచినం. ఇప్పుడామె గుంజింది, వాళ్లు ఒక పాయింటుతోటి గెలిచిన్రు. మరి నీ రూలుతోటి ఏం మారిందే?"

నేనేదో చెప్పేలోపు నర్సే జవాబిచ్చింది. మేం తెలుగులో మాట్లాడుకున్నది ఆవిడకి మా అమ్మాయి ఇంగ్లీష్‌లో చెప్పింది. "అప్పుడు నాకు కీపర్ ముందు ఒంటరిగా తన్నే అవకాశం రాలేదు. ఈవిడకి వచ్చింది. ఇంత ఘోరంగా తన్నిందంటే, అది నా తప్పు కాదు," అంది. పులిహోర ఇంకొంచెం పెట్టించుకుంది. పల్లీలు ఎక్కువ వచ్చేలా పెట్టమంది.

నిజం చెప్పాలంటే ఆ ఓటమి నన్ను ఒక్క గంట కూడా బాధ పెట్టలేదు. జూలైలో తెచ్చిన కప్పు ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియక వాషింగ్ మెషిన్ మీద పెట్టాను. ఒహాయోలో ఓడిపోయిన మ్యాచ్ గురించి మాత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పాను, చేతులెత్తి గెంతడంతో సహా.

తర్వాతి శనివారం పొద్దున్న తొమ్మిదింటికి మా అమ్మాయి నా దుప్పటి లాగేసింది. ఇద్దరం కాఫీ, పాలు తాగి పార్క్‌కి వెళ్లాం. మంచు పడి గడ్డి తడిగా ఉంది. ఇరవై తన్నాలని లెక్క పెట్టి అది గోల్‌లో నిలబడింది, నేను తన్నాను. మొదటి ఎనిమిదీ ఆపేసింది, ఆపిన ప్రతిసారీ ఎందుకు ఆపగలిగిందో కూడా చెప్పింది. "నువ్వు ఎక్కడ కొడతావో అక్కడే చూస్తున్నావ్ అమ్మా. డోంట్ లుక్ దేర్." తొమ్మిదోది తన్నేముందు నేను కావాలని ఎడమ వైపు చూసి కుడి వైపు కొట్టాను. అది ఎడమకి దూకి తడి గడ్డిలో బోర్లా పడింది. బంతి మెల్లగా, తాపీగా దొర్లుకుంటూ గీత దాటింది.

"చీటింగ్!" అని అరిచింది, పడుకునే.

"ఇది మాత్రం రూల్స్‌లో ఉందమ్మా," అన్నాను. అది లేచి, మోకాళ్ల మీద గడ్డి దులుపుకుని, బంతి నా వైపు తన్నింది. ఇంకో పదకొండు మిగిలి ఉన్నాయి.